రెజిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన త్రీడీ ప్రింటును గాజు అని అమ్మడం మోసమా, కాదా?

సాగరతీరం: వేసవిలో డాబాగార్డెన్స్ వైపు ఒక షాపులో "త్రీడీ ప్రింటెడ్ గ్లాస్ ల్యాంప్" అంటే ముచ్చటపడి కొన్నాను. బాల్కనీలో నాలుగు నెలలు ఎండ తగిలేసరికి పాత దంతం రంగుకొచ్చింది. తాళంచెవి తగిలితే గీత పడింది. అడిగితే, "అది రెజిన్ సార్, అందరూ గ్లాసే అంటారు" అన్నాడు. ఇది మోసం కాదా?

పెందుర్తి మేకర్: మోసం అనడం పెద్దమాట అన్నా. కళ్ళద్దాల్లో ఇప్పుడు గాజెక్కడుంది? అయినా అద్దాలే అంటున్నాం. నేనూ ప్రింటర్ నడుపుతాను. బయటికి తీసినప్పుడు మంచు పట్టిన సీసాలా మసగ్గా ఉంటుంది, పొరల గరుకుకి వెలుగు చెదిరిపోతుంది. 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలెట్టి 2000 దాకా తడిపి రుద్ది, క్లియర్ లక్కర్ కొడితేగానీ అవతల పెట్టిన వేలు కనిపించదు. రెజిన్ బదులు ఫిలమెంటుతో, అంటే కరిగించి పోసే ప్లాస్టిక్ తీగతో, చేద్దామంటే మన సముద్రపు గాలికి తేమ పీల్చి ప్రింటర్ మూతి (నాజిల్) దగ్గర చిటపటలాడుతుంది, లోపలంతా బుడగలే. ఆ చాకిరీకి డబ్బు తీసుకుంటే తప్పా?

కెమిస్ట్రీ మాస్టారు: చాకిరీకి తీసుకో బాబూ, గాజు పేరు చెప్పి వద్దు. నిజం గాజును ప్రింట్ చేసినవాళ్ళున్నారు. 2015లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోంచి కరిగిన గాజును తేనెలా ధార కట్టి పొరలు పేర్చారు. 2017లో జర్మనీలో, కార్ల్స్‌రూలో, గాజుకు మూలమైన సిలికా పొడిని రెజిన్‌లో కలిపి ప్రింట్ చేసి, రెజిన్‌ను కాల్చేసి, 1300 డిగ్రీల దగ్గర పొడిని ఒకటిగా అతికించారు. వస్తువు కుంచించుకుపోతుంది, కానీ మిగిలేది అచ్చమైన గాజు. మీ దాంట్లో మిగిలేదే రెజిన్!

వేడి గాజును చల్లార్చడం ఇంకో కథ. మా ల్యాబులో గ్లాస్ బ్లోయర్ విరిగిన కండెన్సర్‌ను (ఆవిరిని చల్లబరిచే గాజు గొట్టాన్ని) అతికించాక మంట తగ్గిస్తూ నిదానంగా చల్లార్చేవాడు. తొందరపడిన రోజు, అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకుండానే టప్పుమనేది.

గాజువాక రాజు: మా ఊరి పేరులోనే గాజుంది. ప్లాట్లు గాజువని అమ్మేయమంటారా ఏటి?

పెందుర్తి మేకర్: మాస్టారూ, 1300 డిగ్రీల కొలిమి పెడితే ఆ ల్యాంపు ఎంతకమ్మాలి, కొనేదెవరు? కళ్ళద్దాల సంగతీ దాటేశారు.

కెమిస్ట్రీ మాస్టారు: దాటెయ్యలేదు. నా కళ్ళద్దాల బిల్లు మీద పాలీకార్బొనేట్ అని, అంటే ప్లాస్టిక్ అని, రాసే ఇచ్చారు. నువ్వూ రెజిన్ అని రాసివ్వు, నీతో నాకు పేచీ లేదు.

సాగరతీరం: ఇప్పుడే నా బిల్లు వెతికి తీశాను. "గ్లాస్ ఐటం 1" అని ఉంది. రేపు ల్యాంపుతో సహా పట్టుకెళ్తాను.