వార్డులో ఏ లైట్లు వెయ్యాలి? డాక్టరుగారు అన్నీ తెల్లవే కావాలంటున్నారు

కావలి వైరింగ్:
కావలిలో ముప్ఫై పడకల నర్సింగ్ హోం వైరింగ్ ఒప్పుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇళ్లు, కల్యాణమండపాలు, రొయ్యల చెరువుల ఏరేటర్లు చేశాను గానీ ఆసుపత్రి ఇదే మొదలు. డాక్టరుగారు అన్ని చోట్లా 6500 కెల్విన్ ప్యానెళ్లే, అంటే నీలిఛాయ తెల్లలైట్లే, వెయ్యమన్నారు. "తెల్లగా ఉంటేనే శుభ్రంగా ఉన్నట్టుంటుంది" అని ఆయన మాట.

నాకు మనసొప్పడం లేదు. పోయినేడు మా అమ్మ తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. ఎక్కడో చెప్పను. వెల్లకిలా పడుకుంటే సరిగ్గా ముఖమ్మీద ప్యానెల్, పగలూ రాత్రీ ఆర్పేది లేదు. రాత్రి రెండింటప్పుడు "తెల్లారిందా, పాలవాడు వచ్చాడా" అని అడుగుతోందని సిస్టర్ చెప్పింది. నేను లోపలికెళ్తే మా మేనమామ పేరుతో పిలిచింది. ఇంటికొచ్చిన నాలుగు రోజులకు మామూలు మనిషైంది. అంతా లైటు వల్లేనని అనను, జబ్బూ మందులూ ఉన్నాయి. కానీ ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకోవడం చూశాక, ఈ లైటు బిగించినవాడు ఒక్కసారైనా దాని కింద పడుకున్నాడా అనిపించింది. నేనూ ఎప్పుడూ పడుకోలేదు లెండి.

గోడలకు గాళ్లు ఇంకా కొట్టలేదు. ఏ లైన్లు విడిగా లాగాలి?

ఒంగోలు సిస్టర్:
అన్నా, అలాగని అన్నీ పసుపు లైట్లు వేసి మా ప్రాణం తియ్యొద్దు. పసుపు వెలుతురులో కామెర్లు కనపడవు. చవకరకం ఎల్ఈడీ కింద పెదాలు నీలం తిరిగినా తెలియదు. మంచానికొకటి చొప్పున తిప్పుకునే లైటు ఇవ్వండి, 4000 కెల్విన్ (అంత నీలం లేని తెలుపు), సీఆర్ఐ, అంటే రంగులు ఉన్నవున్నట్టు కనపడే కొలత, 90 పైనుండేది. నరం దొరకాలంటే అది కావాలి. మా వార్డులో ఆరు మంచాలకు ఒకటే స్విచ్చి. అర్ధరాత్రి ఒక ముసలాయనకు నరంలో కాన్యులా (సెలైన్ గొట్టం) పెట్టాలంటే ఆరుగురూ లేస్తారు, కింద చాపల మీదున్న వాళ్ల మనుషులూ లేచి "ఏమైందమ్మా" అంటారు.

నెల్లూరు ప్లాన్లు:
చూపుకు సంబంధం లేకుండా, ఇది పగలా రాత్రా అని ఒంటికి చెప్పే కణాలు కంట్లో వేరే ఉన్నాయని 2002లో తేలింది. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురు వాటికి బాగా తగులుతుంది. 6500 ప్యానెల్‌లో ఈ నీలం ఎక్కువ. రాత్రి అది కంట్లో పడితే నిద్రకు సాయపడే మెలటోనిన్ హార్మోను తగ్గి నిద్ర చెడుతుంది. పగలు మాత్రం అదే మేలు. అంటే డాక్టరుగారి మాట పగటికి ఒప్పే.

అసలు ముందు కిటికీ సంగతి చూడండి. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిన 46 మందిని అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ పోల్చి 1984లో ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనపడ్డ 23 మంది సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు, ఇటుక గోడ కనపడ్డవాళ్లకు 8.70 రోజులు పట్టింది. చిన్న లెక్కే అనుకోండి. అయితే మన వైపు పడమటి కిటికీకి పొడుగాటి సజ్జ లేకపోతే రోహిణి కార్తెలో రోగిని వేయించినట్టే.

పొదిలి తమ్ముడు:
ఇన్ని లైన్లకు బిల్లెవరిస్తారన్నా? కరెంటు పోతే ఇన్వర్టరు మీద వెలిగేది ఒక్క ట్యూబేగా!

కావలి వైరింగ్:
పైపు ఎటూ వేస్తాం తమ్ముడూ, అందులో రెండు వైర్లు ఎక్కువ లాగడమే. మోకాలి ఎత్తుకు కింద, గోడలో, వార్మ్ (పసుపు ఛాయ) చిన్న లైట్లు వేసి ఇన్వర్టరుకు కలిపేస్తున్నా. బాత్రూంకి దారి కనపడితే చాలు, పాత జీరో బల్బు పనే.

నిన్న డాక్టరుగారిని పిలిచి, ఖాళీ గదిలో మంచం వేసి, పైన ప్యానెల్ వెలిగించి, కాసేపు పడుకోమన్నాను. రెండు నిమిషాలకే మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. ప్యానెళ్లు మంచాల మీద నుంచి నడిచే దారి మీదికి జరిపాం. రాత్రి పదికి ఆర్పేలా వాటి లైను వేరు. వరండాలో మాత్రం 6500లే ఉండాలన్నారు, అక్కడ వినలేదు.

సిస్టరమ్మా, మంచం లైటు స్విచ్చి కుడివైపు పెట్టనా, ఎడమవైపా?

ఒంగోలు సిస్టర్:
ఎటైనా పర్లేదన్నా, చేతిలో ట్రే ఉంటుంది. మోచేత్తో నొక్కేంత పెద్దది, నడుమెత్తున పెట్టండి.