ఆసిడ్ ఆపేసి పాలిమర్ మీదే కూలింగ్ టవర్ నడపొచ్చా?

పాశమైలారం_యుటిలిటీస్:
మా కూలింగ్ టవర్ పూర్తిగా బోరు నీళ్ల మీదే. హార్డ్‌నెస్ 400 పీపీఎం. ట్యూబుల్లో స్కేల్ (గట్టి పొర) పట్టకుండా సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోస్తూ 3 సైకిల్స్ దగ్గర, అంటే నీళ్లలో లవణాలు మూడింతలు చిక్కబడేదాకా తిప్పి నడుపుతున్నాం. ఇప్పుడు మందుల సప్లయర్ వచ్చి ఆసిడ్ తీసేయండి, మా కొత్త పాలిమర్‌తో 6 సైకిల్స్‌కి వెళ్లొచ్చు అంటున్నాడు. మాకు గంటకు 10 క్యూబిక్ మీటర్లు ఆవిరవుతాయి. మేకప్ (కొత్తగా నింపే నీళ్లు) గంటకు 15 నుంచి 12కి దిగుతుందట. అంటే రోజుకు 72 వేల లీటర్లు. ఎండాకాలం మేం కొనే పదివేల లీటర్ల ట్యాంకర్లు ఏడు! మేనేజర్ గారు అప్పుడే సై అనేశారు. మీరేమంటారు?

డోసింగ్_పంప్:
కళ్లు మూసుకుని మారిపో అన్నా. కాల్షియం కార్బొనేట్ గింజ కట్టడం మొదలవగానే పాలీఅక్రిలేట్ లాంటి పాలిమర్ గొలుసు దానికి అతుక్కుని పెరగనివ్వదు. అయిదో పదో పీపీఎం మందు వందల పీపీఎం హార్డ్‌నెస్‌ని ఆపుతుంది. ఆసిడ్ సంగతి నాకు తెలుసు. మా పాత కంపెనీలో ఓ రాత్రి షిఫ్ట్‌లో పీహెచ్ ప్రోబ్ 8 దగ్గరే ఆగిపోయింది, పంపు మాత్రం పోస్తూనే ఉంది. తెల్లారి చూస్తే బేసిన్‌లో పీహెచ్ 4, నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. ఆ రంగంతా ట్యూబుల ఇనుమే.

టవర్_బాబాయ్:
అంతా బాగుంది, సిలికా ఎంతో ఎవరైనా అడిగారా? గ్రానైట్ రాతిలో దించిన బోర్లకి 40 దాటడం మామూలే. టవర్‌లో 150 పీపీఎం దాటనివ్వకూడదన్నది పాత లెక్క. 6 సైకిల్స్‌కి పోతే 240. మామూలు పాలిమర్లు కార్బొనేట్‌ని ఆపినట్టు సిలికాని ఆపలేవు. కార్బొనేట్ పేరుకుంటే హైడ్రోక్లోరిక్‌తో కడిగేస్తాం. సిలికా గాజులా పట్టేస్తే ఫ్లోరైడ్ ఆసిడ్ కావాలి, దాని జోలికి మనవాళ్లెవరూ పోకపోవడమే మంచిది.

డోసింగ్_పంప్:
ఆసిడ్ ఆపితే పీహెచ్ 9 దాకా పోతుంది కదా బాబాయ్, అక్కడ సిలికా ఇంకా ఎక్కువే కరుగుతుంది.

టవర్_బాబాయ్:
మెగ్నీషియం లేకపోతే అలాగే అనుకో. మన బోరు నీళ్లలో అది లేనిదెక్కడ? ఆ పీహెచ్ దగ్గర, వేడి ట్యూబు గోడ మీద మెగ్నీషియం సిలికేట్ కడుతుంది.

ఇంకోటి. పాలిమర్ హార్డ్‌నెస్‌ని తీసెయ్యదు, గింజ పెరగకుండా కొంతసేపు నిలబెడుతుంది, అంతే. ఎంతసేపు నిలబెట్టాలన్నది బ్లోడౌన్ (చిక్కబడ్డాక బయటికి వదిలే నీళ్లు) చెబుతుంది. సిస్టమ్‌లో 100 క్యూబిక్ మీటర్ల నీళ్లుంటే, 3 సైకిల్స్‌లో బ్లోడౌన్ గంటకు 5. వేసిన మందులో సగం సుమారు 14 గంటల్లో బయటికి పోతుంది. 6 సైకిల్స్‌లో బ్లోడౌన్ 2, అదే సగం పోవడానికి 35 గంటలు. అంతసేపూ క్రిములు చావడానికి వేసే హైపో క్లోరిన్ దాన్ని కొరుకుతూనే ఉంటుంది. మందులో పాలిమర్‌కి తోడుగా కలిపే ఫాస్ఫొనేట్ (ఇదీ స్కేల్‌ని ఆపేదే) హెచ్‌ఈడీపీ రకమైతే ముందు అదే పోతుంది, పీబీటీసీ రకం కాస్త తట్టుకుంటుంది.

మారాక రోజూ కాల్షియం, క్లోరైడ్ రెండూ పట్టి చూడు. క్లోరైడ్ పేరుకోదు, కాబట్టి అదే కొలబద్ద. హైపోతో పెరిగిన క్లోరైడ్ తీసేశాక కూడా క్లోరైడ్ నాలుగింతలై, కాల్షియం మూడింతలే ఉందంటే మిగతా కాల్షియం ట్యూబుల్లో కూర్చుందని అర్థం.

ఈటీపీ_మేడమ్:
బ్లోడౌన్ చివరికి మా ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) ఆర్వోకే వస్తుంది, మమ్మల్ని కూడా లెక్కలో వేసుకోండి. పాలీఅక్రిలేట్ బయలాజికల్ ట్యాంకులో అంత తేలిగ్గా కుళ్లదు. అదే పని చేసే పాలీఆస్పార్టేట్ కుళ్లుతుంది. దాని తయారీకి 1996లోనే అమెరికాలో ప్రెసిడెన్షియల్ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చారు. పైగా బయోసైడ్‌గా (క్రిములు చంపే మందుగా) క్వాట్, అంటే పాజిటివ్ చార్జి ఉన్న అమ్మోనియం మందు, వాడుతున్నారేమో చూసుకోండి. అది పాలిమర్‌తో కలిసి జిగురవుతుంది. అప్పుడు రెండూ దండగే.

పాశమైలారం_యుటిలిటీస్:
ల్యాబ్ రిపోర్టు వచ్చింది, సిలికా 46.

టవర్_బాబాయ్:
అయితే 3.25 సైకిల్సే నీ గరిష్ఠం. ఆసిడ్ మానెయ్, మంచి పాలిమర్‌కి పీబీటీసీ కలిపి వాడు, కానీ అక్కడ దాటకు. మేకప్ 14.4 అవుతుంది. మిగిలేది రోజుకు ఏడు ట్యాంకర్లు కాదు, ఒక ట్యాంకరు, ఇంకొంచెం.

డోసింగ్_పంప్:
ఆసిడ్ పోయిందిగా, నేననేదీ అదే 😀

పాశమైలారం_యుటిలిటీస్:
6 సైకిల్స్‌లో స్కేల్ పడితే ట్యూబ్ క్లీనింగ్ ఖర్చు మీదేనని రాసిస్తారా అని సప్లయర్ని అడిగాను. హెడ్డాఫీసులో కనుక్కుని చెప్తానన్నాడు.