నియాండర్తాల్‌లు మనకు ఏమవుతారు?

మా అమ్మాయి, ఎప్పుడో అంతరించిన నియాండర్తాల్ అనే ఆదిమానవజాతి గురించిన స్కూల్ ప్రాజెక్టులో "నియాండర్తాల్‌లు మన పూర్వీకులు" అని రాసింది. నేను ఆ మాట కొట్టేసి "దాయాదులు" అని దిద్దాను. నిన్నటి నుంచీ ఇంట్లో పంచాయితీ. ఏది సరైన మాటో మీరైనా తేల్చండి.

— మీరు దిద్దిందే సరైనదండీ. పూర్వీకులంటే మనకు పైన, నిలువు వరసలో ఉండేవాళ్లు. దాయాదులు పక్క కొమ్మ. దాయం అంటే వారసత్వంగా వచ్చే వాటా, అది అందుకునేవాడు దాయాది. వాళ్లకీ మనకీ మూలపురుషుడు ఒకడే, సుమారు 5–7 లక్షల ఏళ్ల కిందట కొమ్మలు చీలాయి. ఒకటే ఇబ్బంది: పాత తెలుగులో "దాయ" అంటే శత్రువు కూడా. క్రికెట్ వార్తల్లో "దాయాదుల పోరు" అంటే ఎవరెవరికో చెప్పక్కర్లేదు కదా. దాదాపు 40 వేల ఏళ్ల కిందట నియాండర్తాల్‌లు కనుమరుగయ్యారు. అది మనవాళ్ల చేతిలోనే అనడానికి మాత్రం ఆధారాలు చాలవు.

— ఆగండాగండి. దాయాదుల పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లతో ఎవరైనా వియ్యమందుతారా? 2010లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తాల్ జన్యువులను చదివితే బయటపడింది అదే మరి! ఆఫ్రికా బయటి మూలాలున్న వాళ్లలో ఒకటి రెండు శాతం డీఎన్‌ఏ వాళ్లదే. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఎముక ముక్క ఒక అమ్మాయిది. ఆమె తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్ (ఆ గుహ పేరే పెట్టిన మరో ప్రాచీన మానవజాతి) అని 2018లో తేల్చారు. శాస్త్రీయ నామాల్లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. హోమో సేపియన్స్, హోమో నియాండర్తాలెన్సిస్. ఒకే ఇంటిపేరు వాళ్ల మధ్య పెళ్లిళ్లన్నమాట! ఇంగ్లీషువాళ్లు "కజిన్స్" అని తప్పించుకున్నారు, ఆ ఒక్క మాటలో బావా ఇముడుతాడు, అన్నా ఇముడుతాడు. మన దగ్గర ఆ వీలు లేదు. నన్నడిగితే "మేనత్త పిల్లలు" అనడమే మేలు.

— వరస సంగతి మీరు తేల్చుకోండి, పేరు సంగతి నేను చెప్తా. జర్మన్‌లో తాల్ అంటే లోయ. 1856లో డ్యుసెల్‌డార్ఫ్ దగ్గర నియాండర్ లోయలో ఆ ఎముకలు దొరికాయి. ఆ లోయకు పేరిచ్చింది 17వ శతాబ్దంలో భక్తిగీతాలు రాసిన యోఆహిమ్ నియాండర్. వాళ్ల అసలు ఇంటిపేరు నోయ్‌మన్, దాన్ని ఆయన తాత గ్రీకులోకి మార్చుకున్నాడు. రెండింటికీ అర్థం ఒకటే: కొత్త మనిషి! అంత పాత మనిషికి ఆ పేరు కుదిరింది చూడండి.

— అందరికీ థాంక్సండీ. మా అమ్మాయి ఇవన్నీ చదివింది. నా ఎర్రగీత చెరిపేసి, "పూర్వీకులు" అలాగే ఉంచి, పక్కన బ్రాకెట్లో "రెండు శాతం లోపు" అని చేర్చింది.