పుస్తకం నుంచి విడదీసిన సముద్రపు బొమ్మ కొనొచ్చా?

విశాఖవాసి:
చెన్నైలో ఒక పాత బొమ్మల కొట్టులో ఇంగ్లీషు చిత్రకారులు థామస్, విలియం డానియల్‌ల సెయింట్ జార్జి కోట ముద్రణ చూశాను. 1797లో మొదట అచ్చయిన దృశ్యం. వెనక కోట, ముందు విరుగుతున్న అలలు, వాటి మీద మసూలా పడవలు. అప్పటికి మద్రాసులో హార్బరు కట్టలేదు. ఓడలు దూరంగా లంగరేస్తే మనుషుల్నీ సరుకునీ ఈ పడవలే ఒడ్డుకు చేర్చేవి. మేకులుండవు, చెక్కల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. అల కొడితే పగలకుండా వంగుతుందని. మా తాత చేపల వేటకెళ్లిన మనిషి, అందుకేనేమో ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేకపోయాను. కానీ అది పుస్తకంలోంచి తీసిన పేజీ అని కొట్టాయనే చెప్పాడు. కొంటే తప్పా?

పాతకాగితం:
తప్పే. విడి పేజీలకు పుస్తకం కన్నా ఎక్కువ డబ్బులొస్తున్నంత కాలం కత్తెర ఆగదు. మీరిచ్చే డబ్బు ఆ కత్తెరకే.

ఇసుకతిన్నె:
తొందరపడకండి. ఆ కోట బొమ్మ ఉన్న డానియల్‌ల ‘ఓరియంటల్ సీనరీ’ అసలు పుస్తకంగా పుట్టలేదు. 1795 నుంచి 1808 దాకా విడతకు 24 చొప్పున ఆరు విడతలు, మొత్తం 144 బొమ్మలు. వాటి వివరణ వేరే చిన్న పుస్తకాల్లో వచ్చింది. బైండింగ్ అనేది కొనుక్కున్నవాళ్లు చేయించుకున్నదే. అలాంటి బొమ్మ విడిగా దొరికితే పుస్తకం చింపినట్టు కాదు.

పాతకాగితం:
మరి విలియం ఆ తర్వాత బొమ్మలు వేసిన బ్రిటన్ తీరయాత్ర పుస్తకం సంగతేంటి? 1814 నుంచి 1825 దాకా ఎనిమిది సంపుటాలు, 308 బొమ్మలు. మొదటి రెండింటికీ రాసింది రిచర్డ్ ఐటన్. ఇంగ్లండ్‌లోని వైట్‌హేవెన్‌లో బొగ్గుగనిలోకి దిగి, అక్కడ పనిచేసే పిల్లల బతుకు రాశాడాయన. పుస్తకం విడదీస్తే తీరం బొమ్మలు గోడెక్కుతాయి, ఆ పిల్లలు చిత్తుకాగితాల్లోకి పోతారు.

గోడమేకు:
ఇప్పటికే చింపేసింది కదండీ. ఈయన కొనకపోతే పేజీ వెళ్లి పుస్తకంలో అతుక్కుంటుందా? కొనండి. ఎండ తగిలే గోడకి మాత్రం వద్దు, నీటిరంగులు వెలిసిపోతాయి.

పాతకాగితం:
ఈ పేజీ అతుక్కోదు, నిజమే. రేపు చింపబోయే పుస్తకం గురించి నా గోల.

ఇసుకతిన్నె:
విశాఖవాసి గారూ, ముందు అది అసలుదో కాదో చూశారా? ఇవి ఆక్వాటింట్లు. రాగిరేకు మీద గుగ్గిలం పొడి చల్లి, వేడి చేసి, ఆమ్లంతో కొరికించి అచ్చేస్తారు. భూతద్దం పెడితే నీడల్లో సన్నటి పగుళ్ల వల కనిపించాలి. వరసగా రంగు చుక్కలుంటే ఈ మధ్య ఆఫ్‌సెట్‌లో వేసింది. ఇంతకీ సైజెంత?

విశాఖవాసి:
వల ఉంది, చుక్కల్లేవు. సైజు ఏ4 కాగితం కన్నా చిన్నదే. ఎడమ అంచున నాలుగు కుట్టు రంధ్రాలు కూడా ఉన్నాయి.

ఇసుకతిన్నె:
అయ్యో. అసలు విడతల్లో బొమ్మే దాదాపు రెండడుగుల వెడల్పు. మీరు చూసింది 1812-16 మధ్య వచ్చిన చిన్న సైజు కూర్పులోది. అది వివరణతో కలిపి వేసిన పుస్తకం. నేను పైన చెప్పిన వాదన దీనికి పనికిరాదు.

పాతకాగితం:
హమ్మయ్య, ఒప్పుకున్నారు.

విశాఖవాసి:
కొట్టాయనకు ఫోన్ చేసి మిగతా పేజీల గురించి అడిగాను. “బొమ్మలు అమ్ముడైపోయాయి సార్. ఉత్త అక్షరాల కాగితాలు ఎవరు కొంటారు?” అన్నాడు. కోట గురించి రాసిన ఆ ఒక్క పేజీ దొరికితే రెండూ కలిపి తీసుకుంటానన్నాను. గోడౌన్‌లో వెతుకుతానన్నాడు.