రెండో కియా కోసం ఎదురుచూడాలా, రాయదుర్గం కుట్టు యూనిట్లకు తోడు నిలబడాలా?

హగరి గాలి (చర్చ మొదలు)
ఎర్రమంచిలో కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి మన అనంతపురం వైపు అభివృద్ధి అంటే ఒకటే ప్రశ్న: ఇంకో కియా ఎప్పుడు? ఆ శ్రద్ధలో పదోవంతు రాయదుర్గం జీన్స్ యూనిట్ల మీద, తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీల మీద పెడితే మేలని నా వాదన. దానికి భవనం అక్కర్లేదు. పూర్తికాలం పనిచేసే మనిషి ఒకరు చాలు. ఆ మనిషి వెనక ఓ ఇరవై ముప్పై మంది ఉండాలి: ఆడిటరు, రిటైరైన బ్యాంకు మేనేజరు, లారీ ఏజెంటు, కుట్టు మిషన్ల మెకానిక్కు, బెంగళూరులో సరుకు అమ్మడం తెలిసిన వ్యాపారి.

ఇటలీకి చెందిన అభివృద్ధి నిపుణుడు ఎర్నెస్టో సిరోలి 1985లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పిలవనిదే ఎవరి దగ్గరికీ పోకూడదు, చెప్పిన లెక్కలు బయటికి పొక్కకూడదు. తయారీ, అమ్మకం, లెక్కలు మూడూ బాగా వచ్చిన మనిషి దొరకడు కాబట్టి, రానివాటికి మనుషుల్ని వెతికిపెట్టడమే ఆ పూర్తికాలపు ఉద్యోగం.

బండల బేరం
అన్నా, వినడానికి బాగుంది. మన దగ్గర నెట్‌వర్క్ అంటే ఏమైతాదో తెలీదా? కలెక్టరేట్‌లో మీటింగు, శాలువా, ఫోటో, ఒక వాట్సాప్ గ్రూపు. నెల తిరక్కముందే ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు, ఇన్సూరెన్సు ఏజెంట్లు మిగుల్తారు. కియా వచ్చింది కాబట్టే దాని ఎనకాల విడిభాగాల కంపెనీలు వచ్చినాయి. పెద్ద కొనుగోలుదారు ఒకడు చేసే పని వందమంది సలహాదార్లు చేయలేరు. చిన్న యూనిట్‌కు లేంది సలహా కాదప్పా, దుడ్లు. బిల్లు కొట్టిన 120 రోజులకు దుడ్లొస్తే ఏ మెంటరు వచ్చి కాపాడల్ల?

జమాఖర్చు
ఆ 120 రోజుల దగ్గరే ఆగి లెక్క వేద్దాం. కుట్టు కూలీ మీద నడిచే యూనిట్‌కు బట్ట వ్యాపారిది కాబట్టి టర్నోవరంటే కూలీ బిల్లులే. ఏడాదికి 60 లక్షలనుకోండి. చిన్న పరిశ్రమలకు బ్యాంకులు వాడే నాయక్ కమిటీ లెక్క ప్రకారం అందులో 25 శాతం, అంటే 15 లక్షలు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడపడానికి కావాల్సిన డబ్బు) అవసరం. యజమాని 3 లక్షలు పెడితే బ్యాంకు లిమిట్, అంటే బ్యాంకు ఇచ్చే అప్పు, 12 లక్షలు. ఈ లెక్కలో డబ్బు మూడు నెలలకోసారి చేతికి తిరిగొస్తుందన్న అంచనా ఉంది. 120 రోజులైతే బయటే ఇరుక్కునేది దాదాపు 20 లక్షలు. లిమిటూ యజమాని సొమ్మూ కలిపినా చాలవు. అదే 45 రోజులకు వస్తే బయట ఉండేది ఏడున్నర లక్షలు. తేడా 12 లక్షల పైచిలుకు, అంటే బ్యాంకు లిమిట్ అంత డబ్బు వడ్డీ లేకుండా దొరికినట్టు.

చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం కింద సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023-24 నుంచి ఆదాయపన్ను లెక్కలోనూ గడువు దాటి, ఏడాది ముగిసేసరికీ కట్టని బిల్లును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు.

చెడేది కాగితాల దగ్గర. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉచితం (డబ్బులడిగే సైట్లు దళారులవి), కానీ తొందరలో ట్రేడింగ్ అని నమోదు చేస్తే ఈ రక్షణ వర్తించదు. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా ఉండాలి. సరుకు అందినట్టు తేదీతో సంతకం పెట్టించిన చలానా ఉండాలి. అందిన 15 రోజుల్లో కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే. మూడు నెలలయ్యాక ‘కుట్టు బాలేదు’ అని బిల్లులో డబ్బు కోసే వ్యాపారికి జవాబు ఆ చలానాయే. తేదీ లేని చలానా చిత్తు కాగితంతో సమానం.

బండల బేరం
చట్టం బాగుంది సార్. కేసేసిన మరుసటి రోజు ఆ వ్యాపారి బట్ట పక్క యూనిట్‌కు పోతాది. కొత్త పన్ను రూలు వచ్చినాక ‘ఉద్యమ్ రద్దు చేసుకుని రా, అప్పుడు ఆర్డరిస్తా’ అన్నోళ్లు ఉండారు కదా. ఒంటరోడు చట్టం పట్టుకుంటే పస్తే.

హగరి గాలి
ఒంటరి అన్నారు చూడండి, నేను చెప్పేదీ అదే. ఏ వ్యాపారి ఎన్ని రోజులకు కడుతున్నాడో పది యూనిట్లు కలిసి ఒక చిట్టా పెట్టుకుంటే, పక్క యూనిట్ ఆ బట్ట తీసుకునే ముందే తెలిసి అడ్వాన్సు అడుగుతుంది. ఇంకో అడుగు వేసి కుట్టు రేటు కూడా అందరూ కలిసి ఖాయం చేసుకోవచ్చు.

జమాఖర్చు
రేటు జోలికి పోవద్దు. పోటీదారులు కూడబలుక్కుని ధర కట్టడం 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కిందికి వస్తుంది, చిన్నవాళ్లమంటే వదలరు. చిట్టాలో జరిగిపోయినవే రాయండి: బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ, కోత. ‘మోసగాడు’ అని రాశారా, పరువునష్టం నోటీసొస్తుంది.

ఓర్వకల్లు పొదుపు
ఇక్కడ ఒక చిక్కు ఎవరూ పట్టించుకోలేదు. సిరోలి పద్ధతి గోప్యత మీద నడుస్తుంది. మా పొదుపు సంఘాల పద్ధతి దానికి పూర్తి తలకిందులు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ: పంచసూత్రాలన్నీ పదిమంది ఎదుట జరగాల్సినవే. ఎవరు వాయిదా తప్పారో అందరికీ తెలుసు కాబట్టే డబ్బు తిరిగొస్తుంది. మీ జట్టుకు రెండూ కావాలి. అందుకని ముందే గీత గీయండి. యూనిట్ సొంత అప్పులు, లాభనష్టాలు ఆ పూర్తికాలపు మనిషి దగ్గరే ఉండాలి. వ్యాపారి కట్టిన తేదీలు మాత్రం అందరి ముందు చదవాలి. ఈ గీత లేకపోతే ఎవరూ నిజం చెప్పరు, చెప్పినా రెండో సమావేశానికి రారు.

హగరి గాలి
ఒప్పుకుంటాను. జట్టు కుదిరాక కామన్ ఫెసిలిటీ సెంటర్ (చిన్న యూనిట్లు కలిసి వాడుకునే కేంద్రానికి సర్కారు సాయం) కింద అందరికీ కలిపి జీన్స్ వాషింగ్ ప్లాంటు అడగొచ్చు కదా? మురుగు శుద్ధి ప్లాంటు ఒక్క చిన్న యూనిట్ కట్టుకోలేదు.

బండల బేరం
అది మొదట్లోనే అడిగితే మునుగుతారు. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు తీసుకుంటే మిషన్లు తిరక్కపోయినా కరెంటోళ్లతో రాసుకున్న గరిష్ఠ డిమాండ్‌లో 80 శాతానికి చార్జీ పడతాది. సీజను లేని నెలల్లో వాడకం చార్జీ ఎవరూ కట్టరు, బిల్లు మాత్రం ఆగదు. మా పాలిష్ ఫ్యాక్టరీల స్లర్రీ (బండ పొడి కలిసిన బురద) సంగతీ అంతే: ఒకచోట పోద్దామని అందరూ అంటారు, ట్రాక్టరు బాడిగ మాత్రం ఎవరూ ఇయ్యరు. నెలకు తలా ఐదొందలు ఠంచనుగా కట్టే అలవాటు లేని జట్టు ప్లాంటు నడపలేదు.

ఇంకోటి, ఆ పూర్తికాలపు మనిషికి జీతమెవరు ఇయ్యల్ల? సర్కారిస్తే ఆయప్ప పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీ అప్పుల పథకం) దరఖాస్తుల టార్గెట్టు వెంట పరిగెత్తుతాడు. పన్నెండు యూనిట్లు ఐదొందలేస్తే ఆరు వేలు, దానికి పూర్తికాలం ఎవరొస్తారు? చిట్టా రాసే అరపూట అకౌంటెంటును పెట్టుకుని మొదలుపెట్టండి, మిగతాది తర్వాత చూస్తాం.

జమాఖర్చు
అరపూట సరిపోతుంది. చిట్టాలో కోత పక్కన కారణం రాసే గడి తప్పనిసరిగా పెట్టించండి, అందరూ ఖాళీగా వదిలేది దాన్నే. ఒకే వ్యాపారి అన్ని యూనిట్లకూ కోస్తుంటే తప్పు ఆ వ్యాపారి దగ్గరుంది, అతనితో జట్టుగా మాట్లాడాలి. ముగ్గురు వ్యాపారులు ఒకే యూనిట్‌కు ‘కుట్టు తప్పింది’ అని కోస్తుంటే ఆడిటరు, బ్యాంకు మేనేజరు ఎందుకూ పనికిరారు. మెకానిక్కును పంపి, డెనిమ్ మడతలు కలిసే మందం దగ్గర ఏ నంబరు సూది వాడుతున్నారో చూడమనండి. అక్కడ పలచని సూది వంగి కుట్టు దాటేస్తుంది, 18 నంబరు వేయాలి.