అప్‌డేట్: ఫ్రీజ్ చేసిన ఎర్ర కణాలు ఈసారి పగలలేదు

పోయినసారి అడిగింది ఇదీ: ఒక పేషెంటు గ్రూపు ఓ అని వస్తోంది, కానీ ఆమె సీరం మా దగ్గరున్న ఓ కణాలన్నిటితోనూ 4+ (కణాలు అతి గట్టిగా గుచ్చకట్టే రియాక్షన్) ఇస్తోంది. బాంబే గ్రూపేమోనని (ఓ కణాల మీద కూడా ఉండే హెచ్ అనే గుర్తు, అంటే యాంటిజెన్, లేని అరుదైన గ్రూపు; అందుకే వీళ్ల సీరం ఓ కణాలను కూడా గుచ్చకట్టిస్తుంది), గ్లిసరాల్‌లో ఫ్రీజ్ చేసి దాచిన బాంబే కణాలను కరిగిస్తే కడిగేటప్పుడే ట్యూబంతా ఎర్రబడిపోయింది.

తప్పు నాదే. 0.9 శాతం సెలైన్‌తో నేరుగా కడిగాను. కణం లోపల 40 శాతం గ్లిసరాల్ ఉంటుంది. అది బయటికి వచ్చేలోపే నీళ్లు లోపలికి దూసుకెళ్లి కణం పగిలిపోతుంది. మీలో ఒకరు చెప్పినట్టే ఈసారి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో కరిగించి, ముందు 12 శాతం సెలైన్ చుక్కచుక్కగా కలిపి కాసేపు ఆగాను. తర్వాత 1.6 శాతం, చివర్లో 0.2 శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్న మామూలు సెలైన్. ఆఖరి వాష్‌లో పైనీరు లేత గులాబీ రంగుకు వచ్చింది. అప్పటికి గానీ నా టెన్షన్ తగ్గలేదు.

ఇక ఫలితం. ఆమె సీరం ఈ బాంబే కణాలతో నెగెటివ్, ఓ కణాలతో మళ్లీ 4+. నెగెటివ్‌ను వెంటనే నమ్మలేదు, ఫ్రీజింగ్‌లో కణాలు పాడై ఉండొచ్చు కదా. అందుకే ఆ కణాల మీద ఉన్న డి యాంటిజెన్‌ను (Rh పాజిటివ్ అని చెప్పేది దీన్ని బట్టే) యాంటీ-డి తో చూశాను, గట్టిగా గుచ్చకట్టింది, అంటే కణాలు బాగానే ఉన్నాయి. ఆమె కణాలు యాంటీ-హెచ్ లెక్టిన్‌తో (హెచ్ ఉన్న కణాలను గుచ్చకట్టించే మొక్కల ప్రోటీన్) అసలు గుచ్చకట్టలేదు. బాంబే గ్రూపే.

1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో గుర్తించిన గ్రూపు ఇది. ఓ రక్తం ఎక్కించి ఉంటే ఆమె ప్రాణానికే ముప్పు. ఆమె తోబుట్టువులను టెస్టుకు రమ్మన్నాం, తమ్ముడిదీ అదే గ్రూపు. సాయం చేసిన అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్.