ఎమ్‌మ్యాప్ చేసిన పేజీ ర్యామ్‌లో ఉందో లేదో ముందే మిన్‌కోర్‌తో చూసుకోవాలా?

లూప్‌లక్ష్మి: లైనక్స్ సర్వర్. 4 జీబీ ఇండెక్స్ ఫైలును ఎమ్‌మ్యాప్ చేసి (అంటే ఫైలును మెమరీలా చదివేలా అడ్రసులకు జతచేసి) ఒకే ఈవెంట్ లూప్ థ్రెడ్‌లో, అంటే అన్ని రిక్వెస్టులనూ వరుసగా చూసే ఒకే థ్రెడ్‌లో, చదువుతున్నాం. పేజీ (4 కేబీ మెమరీ ముక్క) డిస్క్ మీదే ఉంటే మేజర్ ఫాల్ట్ పడి, అంటే డిస్క్ నుంచి వచ్చేదాకా ఆగాల్సొచ్చి, లూప్ మొత్తం ఆగుతోంది. ముందు మిన్‌కోర్‌ని (పేజీలు ర్యామ్‌లో ఉన్నాయో లేదో చెప్పే సిస్టమ్ కాల్) అడిగి, ర్యామ్‌లో ఉంటే నేరుగా చదివి, లేకపోతే వర్కర్ థ్రెడ్‌కి ఇద్దామని సగం టీమ్ అంటోంది. మిగతా సగం వద్దంటోంది. మీరేమంటారు?

రింగ్‌జీరో: వద్దు. మిన్‌కోర్ చెప్పేది అడిగిన క్షణం సంగతే. జవాబు చేతికొచ్చి మీరు ఆ బైటు చదివేలోపు కెర్నల్ ఆ పేజీని తీసేయొచ్చు. ఈ చెక్ మీకు అవసరమయ్యేది మెమరీ ఇరుకైనప్పుడు, సరిగ్గా అప్పుడే దాని మాట నమ్మలేం. పైగా ప్రతి రీడ్‌కీ ఒక సిస్టమ్ కాల్ ఖర్చు.

బెజవాడ_బైట్: అప్పుడప్పుడు తప్పుతుందని అసలు పనికిరాదంటే ఎలాగండీ? గుడ్డి కన్నా మెల్ల మేలు. తప్పినా పడేది ఒక ఫాల్ట్, డేటా ఏమీ చెడిపోదు. ఖర్చంటారా, బ్లాకుల వారీగా అడగండి: 256 కేబీకి 64 పేజీలు, జవాబు 64 బైట్లు. రెండు జాగ్రత్తలు. అడ్రసు పేజీ సరిహద్దు మీదే మొదలవ్వాలి, లేకపోతే ఈఇన్‌వాల్ ఎర్రర్ వస్తుంది. ప్రతి బైటులో కింది బిట్ ఒక్కటే చూడాలి. బైటు మొత్తాన్ని 1తో పోల్చే కోడ్ కనిపిస్తుంటుంది, మిగతా బిట్లకు కెర్నల్ ఏ హామీ ఇవ్వదు.

పుటపట్టిక: ఇద్దరూ అసలు పేచీని వదిలేశారు. ఫైల్ మ్యాపింగ్ విషయంలో మిన్‌కోర్ చెప్పేది పేజ్ కాష్ (కెర్నల్ ర్యామ్‌లో ఉంచుకునే ఫైలు డేటా) సంగతి, మీ ప్రాసెస్ పేజ్ టేబుల్ (మీ అడ్రసులు ర్యామ్‌లో ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) సంగతి కాదు. 1 వచ్చినా మొదటిసారి ముట్టుకుంటే మైనర్ ఫాల్ట్ (డిస్క్ దాకా వెళ్లనిది) పడొచ్చు. అది మీకు పెద్ద నష్టం కాదు.

నష్టం ఇంకోచోట ఉంది. పక్క ప్రాసెస్ ఏ పేజీలు వాడుతోందో మిన్‌కోర్‌తో కనిపెట్టొచ్చని 2019 జనవరిలో ఒక పరిశోధన పత్రం చూపించింది. దాంతో 5.2 కెర్నల్ నుంచి నిబంధన మారింది: ఫైలు మీ యూజర్‌దై ఉండాలి, లేదా మీకు రాసే అనుమతి ఉండాలి. రెండూ లేకపోతే ఎర్రర్ రాదు, అన్ని పేజీలకూ 1 అని వస్తుంది. లూప్‌లక్ష్మి గారూ, మీ ఇండెక్స్ ఫైలు రూట్ పేరున 644తో (రాయడం ఓనర్‌కే, మిగతావాళ్లకు చదవడమే) ఉండి, సర్వర్ వేరే యూజర్‌గా నడుస్తోందా?

లూప్‌లక్ష్మి: అచ్చం అలాగే ఉందండీ. అయితే ప్రాక్‌లోని (కెర్నల్ ప్రాసెస్‌ల వివరాలు చూపే డైరెక్టరీ) పేజ్‌మ్యాప్ ఫైలు చదవొచ్చా?

పుటపట్టిక: చదవొచ్చు కానీ మీ ప్రశ్నకు అందులో జవాబు లేదు. పేజీకి 8 బైట్లు, 63వ బిట్ 1 అయితే మీ పేజ్ టేబుల్‌లో ఉన్నట్టు. కాష్‌లో ఉండి మీరింకా ముట్టుకోని పేజీకి అక్కడ 0 ఉంటుంది, దాన్ని ఊరికే వర్కర్‌కి పంపేస్తారు.

రింగ్‌జీరో: ఇక వాదన దేనికి? మ్యాప్ వదిలేసి ప్రీడ్‌వీ2 అనే రీడ్ సిస్టమ్ కాల్ వాడండి, ఆగకుండా తిరిగొచ్చే నోవెయిట్ ఫ్లాగ్‌తో. బఫర్డ్ రీడ్‌కి (పేజ్ కాష్ గుండా వెళ్లే మామూలు రీడ్) 4.14 కెర్నల్ నుంచీ ఉంది. కాష్‌లో ఉంటే డేటా ఇస్తుంది, లేకపోతే ఈఎగైన్ ఎర్రర్. అడగడం, చదవడం ఒకే కాల్‌లో అయిపోతాయి, మధ్యలో సందు ఉండదు. సగం డేటాయే రావచ్చు, మిగతాది వర్కర్‌కి ఇవ్వండి.

బెజవాడ_బైట్: కాపీ ఖర్చు పడుతుంది, అయినా ఇక్కడ ఒప్పుకుంటాను. ర్యామ్ మిగులు ఉంటే మాత్రం 4 జీబీనీ ఎమ్‌లాక్ చేసేయడమే (ర్యామ్ నుంచి కదలకుండా కట్టేయడమే) సుఖం. అలా ఎంత లాక్ చేయొచ్చో చెప్పే మెమ్‌లాక్ పరిమితి పెంచడం మరవకండి. దాని డిఫాల్ట్ చాలాకాలం 64 కేబీ, 5.16 కెర్నల్ నుంచి 8 ఎంబీ.

పుటపట్టిక: ఏది ఎంచుకున్నా కొలిచే తీరు సరిగా ఉండాలి. సర్వర్ నడుస్తుండగా డ్రాప్ క్యాషెస్‌కి (పేజ్ కాష్ ఖాళీ చేయించే ప్రాక్ ఫైలు) రాస్తే మ్యాప్ అయి ఉన్న పేజీలు కదలవు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సర్వర్ ఆపి, కాష్ ఖాళీ చేసి, ఫిన్‌కోర్ కమాండ్‌తో ఫైలు నిజంగా కాష్ నుంచి బయటికి పోయిందో లేదో చూసి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత ప్రాసెస్ మొత్తం లెక్క కాకుండా, ప్రాక్‌లో మీ ప్రాసెస్ కింద ఉన్న టాస్క్ డైరెక్టరీలో లూప్ థ్రెడ్ స్టాట్ ఫైలు తెరిచి 12వ ఫీల్డు చూడండి. మేజర్ ఫాల్ట్‌ల లెక్క అదే. వర్కర్ల ఫాల్ట్‌లు అందులో కలవవు.